పోస్టల్ బ్యాలెట్: ఎవరికి ఏ ఫారం, ఎప్పటిలోగా ఇవ్వాలి

2024 లోక్‌సభ ఎన్నికలకు హైదరాబాద్‌లో పోలింగ్ మే 13న జరిగింది. నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. ఇంటి దగ్గరే ఓటు వేయాలనుకునే పెద్దవాళ్లు దరఖాస్తు ఇవ్వడానికి నోటిఫికేషన్ తర్వాత ఉండేది అయిదు రోజులే. అంటే పోలింగ్ ఇంకా మూడు వారాలు ఉందనగానే ఆ గడువు దాటిపోయింది. నానమ్మను మెట్లు దింపి బూత్ దాకా ఎలా తీసుకెళ్లాలా అని ఇంట్లో మాట మొదలయ్యేది మాత్రం పోలింగుకు నాలుగు రోజుల ముందు. అప్పటికి వీల్‌చెయిర్ అడగడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. నడవలేని మనిషి ఓటు ఇలా తేదీ తెలియక పోవడం బాధాకరం. అందుకే ఇందులో తేదీల గురించి కాస్త ఎక్కువగానే చెబుతున్నాం.

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ చేసినప్పుడు ‘ఇక్కడ బ్యాలెట్ పోస్టులో వస్తుంది, మీకు రాదా’ అని అడుగుతుంటారు. అక్కడ రాష్ట్రానికో పద్ధతి. సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో నమోదైన ఓటర్లందరికీ బ్యాలెట్ ఇంటికే వస్తుంది. డాలస్ ఉన్న టెక్సస్‌లో 65 ఏళ్లు నిండటమో, వైకల్యమో, పోలింగ్ రోజుల్లో కౌంటీలో లేకపోవడమో ఏదో ఒక కారణం చూపాలి. మన దగ్గర లోక్‌సభకైనా అసెంబ్లీకైనా చట్టం దేశమంతా ఒకటే: 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 60వ సెక్షన్, దాని వెనక 1961 ఎన్నికల నిర్వహణ నియమాలు. ఇక్కడ రూలు మారేది ప్రధానంగా ఓటరు ఏ వర్గంలోకి వస్తారన్నదాన్ని బట్టి. రాష్ట్రం మారితే మారేవి తేదీలు, అత్యవసర సేవల జాబితా. ఇక కార్పొరేషన్, పంచాయతీ ఎన్నికల లెక్క పూర్తిగా వేరు.

ముందు మీ నియోజకవర్గం తేల్చుకోండి

హైదరాబాద్‌లో ఉంటున్నంత మాత్రాన మీ ఓటు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఉందనుకోకూడదు. చార్మినార్, మలక్‌పేట, కార్వాన్, గోషామహల్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా ఆ స్థానంలోకి వస్తాయి. జూబ్లీహిల్స్, ఖైరతాబాద్, అంబర్‌పేట, ముషీరాబాద్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాద్ కలిసి సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం. కంటోన్మెంట్ మాత్రం కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్‌లతో పాటు మల్కాజిగిరిలో ఉంది. గచ్చిబౌలి వైపు శేరిలింగంపల్లి చేవెళ్లలోకి పోతుంది. దరఖాస్తు వెళ్లాల్సింది మీ నియోజకవర్గం రిటర్నింగ్ అధికారికి. ఇంటికి దగ్గరున్న ఏదో ఒక ఆఫీసులో ఇచ్చేస్తే అది తిరిగి తిరిగి అసలు చోటికి చేరేసరికి గడువు దాటుతుంది.

ఓటర్ల సేవా పోర్టల్లోగానీ, ఎన్నికల సంఘం యాప్‌లోగానీ ఎపిక్ (ఓటరు కార్డు) నంబరు కొడితే నియోజకవర్గం, పార్ట్ నంబరు (మీ బూత్ ఓటరు జాబితా నంబరు), ఆ పార్ట్‌లో మీ క్రమసంఖ్య, బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) ఎవరన్నది వస్తాయి. ఈ వివరాలను కాగితం మీద రాసి కార్డు వెనక పెట్టుకోండి. ఏ ఫారంలోనైనా ఇవే అడుగుతారు. కార్డు మీద ముద్రించిన పాత పార్ట్ నంబరు చూసి రాయడం తరచూ జరిగే పొరపాటు. బూత్‌లను సర్దినప్పుడల్లా ఆ నంబర్లు మారుతుంటాయి. కార్డు మీదవి మాత్రం అలాగే ఉంటాయి. ఫోన్‌లో చూసుకోవడం రానివాళ్లు 1950కి ఫోన్ చేసి అడగవచ్చు.

ఇంటి దగ్గర ఓటు: 85 ఏళ్లు దాటినవాళ్లు, దివ్యాంగులు

2019 అక్టోబరులో నియమాలు సవరించి 80 దాటినవాళ్లకు ఈ సౌకర్యం ఇచ్చారు. ఆ ఏడాది చివర జార్ఖండ్ అసెంబ్లీ ఎన్నికల్లో ఏడు నియోజకవర్గాల్లో అమలు చేసి చూశారు. 2023 నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ నాటికి కూడా వయసు 80గానే ఉంది. 2024 మార్చిలో దాన్ని 85కు పెంచారు. దీంతో 2023లో మంచం మీద నుంచే ఓటు వేసిన 82 ఏళ్ల పెద్దాయనకు ఆరు నెలలు తిరగకుండానే ఆ అవకాశం లేకుండా పోయింది. పోయినసారి ఇంటికి వచ్చారు కదా, ఈసారీ వస్తారని ఎదురుచూడకండి. వయసు 85కు చేరకపోతే బూత్‌కు వెళ్లాల్సిందే.

దివ్యాంగులకు వయసుతో పనిలేదు. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉండాలి, ఆ సంగతి ఓటరు జాబితాలో నమోదై ఉండాలి. రెండో షరతు దగ్గరే చాలామంది ఆగిపోతారు. సదరం సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది, పింఛను కూడా వస్తుంటుంది, కానీ ఓటరు జాబితాలో వైకల్యం సంగతి ఉండదు. ఫారం 8 పెట్టి నమోదు చేయించుకోవాలి. ఎన్నికల సంఘం యాప్‌లోనూ చేయవచ్చు. జాబితాలో వయసు తప్పు పడినా దిద్దించుకునేది ఇదే ఫారంతో. బీఎల్ఓ చేతికి వచ్చే పేర్లు ఆ జాబితా నుంచి తీసినవే కాబట్టి అందులో 79 అని పడితే ఆధార్‌లో 86 ఉన్నా మీ ఇంటికి ఎవరూ రారు. ఈ దిద్దుబాట్లు ఎన్నికల సందడి లేని రోజుల్లోనే చేసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పెట్టిన ఫారం 8 విచారణ పూర్తయ్యేలోపు ఇంటి ఓటు దరఖాస్తు గడువు అయిపోతుంది.

అసలు దరఖాస్తు ఫారం 12డీ. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లో బీఎల్ఓ అర్హులైనవాళ్ల ఇళ్లకు వచ్చి ఫారం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటారు. తర్వాత వచ్చి నింపిన ఫారం పట్టుకెళ్తారు. బలవంతమేమీ లేదు, బూత్‌కే వెళ్తానంటే ఫారం ఇవ్వకుండా ఊరుకోవచ్చు. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కిందనే ఆపేసి, ఫ్లాట్‌లో ఎవరూ లేరని చెప్పి పంపడం నగరంలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు. నోటిఫికేషన్ రోజున వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి ఉంచండి. రెండు రోజులు చూసి బీఎల్ఓ రాకపోతే మీరే ఫోన్ చేయండి. ఫారంలో ఫోన్ నంబరు గడిని ఖాళీగా వదలొద్దు. పోలింగ్ బృందం ఏ రోజు వస్తుందో చెప్పేది ఆ నంబరుకే. పెద్దవాళ్ల కీప్యాడ్ ఫోన్ నంబరు కాకుండా, మెసేజ్‌లు చూసే మనిషి నంబరు ఇవ్వండి. దివ్యాంగులు వైకల్య సర్టిఫికెట్ నకలు జత చేయాలి.

దరఖాస్తు ఆమోదం పొందాక ఓటరు జాబితాలో ఆ పేరు ఎదురుగా పీబీ (పోస్టల్ బ్యాలెట్) అని గుర్తు పెడతారు. ఆ గుర్తు పడితే ఇక బూత్‌లో ఓటు వేయనివ్వరు. ఆ తర్వాత మనసు మార్చుకుని పోలింగ్ రోజు బూత్‌కు వెళ్లి లాభం లేదు. సంతకం పెట్టేముందే ఇంట్లో అనుకుని తేల్చుకోవాలి.

చెప్పిన రోజున ఇద్దరు పోలింగ్ సిబ్బంది, వీడియో తీసే మనిషి, ఒక పోలీసు వస్తారు. అభ్యర్థుల తరఫు వాళ్లకూ ముందే సమాచారం ఇస్తారు, కాబట్టి వాళ్లూ ఉండవచ్చు. ఓటు మీద గుర్తు పెట్టేది వాళ్లు చూడకూడదు, వీడియోలో కూడా అది పడకూడదు. మొదటిసారి మనిషి ఇంట్లో లేకపోతే ఇంకోసారి వస్తారు. రెండోసారీ లేకపోతే అంతే, మూడో రాక ఉండదు. బూత్‌కు వెళ్దామన్నా పీబీ గుర్తు అడ్డు. ఆ వారంలో డయాలసిస్, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ లాంటివి ఉంటే బీఎల్ఓకు ముందే చెప్పి ఉంచండి. చూపు లేనివాళ్లు, చేయి ఆడనివాళ్లు ఓటు వేయడానికి ఒక సహాయకుడిని పెట్టుకోవచ్చు.

రెండు కవర్లు, ఒక డిక్లరేషన్

పోస్టల్ ఓటు చెల్లకుండా పోయేది ఎక్కువగా ఇక్కడే. ఇంటి దగ్గర ఓటు వేసేవాళ్లకు పక్కనే సిబ్బంది ఉంటారు. విడిగా పోస్టులో పంపే సైనికుడు మాత్రం సరిహద్దులో ఒక బల్ల ముందు ఒక్కడే కూర్చుని ఈ పని చేయాలి. అందుకని ఒక్కో కాగితాన్ని విడిగా చూద్దాం.

చేతికి నాలుగు వస్తాయి. బ్యాలెట్ పేపరు, ఫారం 13ఏ, అంటే ఓటరు డిక్లరేషన్, చిన్న కవరు, దీన్ని ఏ కవర్ అంటారు, ఫారం 13బీ అని ఉంటుంది, పెద్ద కవరు, బీ కవర్, ఫారం 13సీ. సూచనల కాగితం ఒకటి అదనంగా ఉంటుంది.

ముందు బ్యాలెట్ మీద క్రమసంఖ్య చూడండి. అదే సంఖ్య డిక్లరేషన్‌లోనూ, ఏ కవర్ పైనా ఉండాలి. ఈ రెండు చోట్లా సంఖ్య ఒకటి కాకపోతే లెక్కింపు బల్ల మీద ఆ కవరు విప్పకుండానే పక్కన పెట్టేస్తారు. తర్వాత మీకు నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా టిక్కుగానీ, ఇంటూ గుర్తుగానీ స్పష్టంగా పెట్టండి. నోటా కూడా అందులో ఉంటుంది. బ్యాలెట్ మీద సంతకం పెట్టొద్దు, పేరు రాయొద్దు, వేలిముద్ర వేయొద్దు. ఓటరెవరో తెలిసే గుర్తు ఏదున్నా ఓటు చెల్లదు. కాగితం కనబడితే సంతకం పెట్టే అలవాటు ఉద్యోగులకు ఎక్కువ, జాగ్రత్త పడాల్సింది వాళ్లే. ఇద్దరు అభ్యర్థుల ఎదురుగా గుర్తులు పడినా చెల్లదు.

బ్యాలెట్ ఒక్కదాన్నే ఏ కవర్‌లో పెట్టి అతికించండి. డిక్లరేషన్ మీద సంతకం చేసి, అధికారం ఉన్న అధికారి చేత ధ్రువీకరణ చేయించండి. ఇప్పుడు అతికించిన ఏ కవర్‌ను, విడిగా ఉన్న డిక్లరేషన్‌ను కలిపి బీ కవర్‌లో పెట్టి మూసేయండి. డిక్లరేషన్‌ను బ్యాలెట్‌తో పాటు ఏ కవర్‌లో దూర్చేస్తే ఓటు పోయినట్టే. లెక్కింపులో బీ కవర్ తెరిచి మొదట వెతికేది డిక్లరేషన్ కోసమే. అది బయట కనబడకపోతే ఏ కవర్ తెరవరు, లోపల ఉందేమోనని చూడరు. అది మొండితనం కాదు, రహస్య ఓటును కాపాడే పద్ధతి. పేరున్న కాగితాన్ని, ఓటున్న కాగితాన్ని ఒకేసారి ఎవరూ చూడకూడదనే ఈ రెండు కవర్లు పెట్టారు.

లోక్‌సభకు, అసెంబ్లీకి ఒకేసారి పోలింగ్ జరిగితే రెండు సెట్లు వస్తాయి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అంతటా అలాగే జరిగింది, ఇక్కడ కంటోన్మెంట్‌లో ఉప ఎన్నిక కూడా అదే రోజు పడింది. లోక్‌సభ బ్యాలెట్ తెలుపు, అసెంబ్లీది గులాబీ రంగు. ఒక సెట్ పూర్తిగా అతికించి పక్కన పెట్టాకే రెండోది తెరవండి. తనతో వచ్చిన కవర్‌లో కాకుండా వేరే కవర్‌లో వెళ్లిన బ్యాలెట్ చెల్లదు.

ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్లు

టీచర్లు, ఆఫీసుల సిబ్బంది, బందోబస్తు పోలీసులు, ఎన్నికల కోసం తీసుకున్న బండ్ల డ్రైవర్లు ఈ కోవలోకి వస్తారు. వీళ్లకు రెండు దారులున్నాయి. డ్యూటీ తమ నియోజకవర్గంలోనే పడితే ఫారం 12ఏ పెట్టి ఎన్నికల డ్యూటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది చూపించి డ్యూటీ చేసే బూత్‌లోనే మెషీన్ మీద ఓటు వేయవచ్చు. డ్యూటీ బయట పడితే ఫారం 12 పెట్టి పోస్టల్ బ్యాలెట్ తీసుకోవాలి. నియమాల ప్రకారం ఫారం 12 పోలింగుకు కనీసం ఏడు రోజుల ముందు, 12ఏ నాలుగు రోజుల ముందు చేరాలి. అంతదాకా ఆగకండి, మొదటి శిక్షణ రోజునే డ్యూటీ ఆర్డర్ నకలు, ఎపిక్ నకలు పట్టుకెళ్లి ఇచ్చేయండి.

ఇక్కడ నియోజకవర్గం అన్న మాటకు ఎన్నికను బట్టి అర్థం మారుతుంది. అంబర్‌పేటలో ఓటున్న టీచరుకు సనత్‌నగర్‌లో డ్యూటీ పడిందనుకోండి. లోక్‌సభ ఎన్నికైతే రెండూ సికింద్రాబాద్ స్థానంలోవే, సర్టిఫికెట్ సరిపోతుంది. అసెంబ్లీ ఎన్నికైతే అవి వేర్వేరు స్థానాలు, పోస్టల్ బ్యాలెట్ తీసుకోవాలి. అసెంబ్లీ స్థానాలు చిన్నవిగా, పక్కపక్కనే ఉన్న ఈ నగరంలో ఈ తేడా చాలామంది మీద పడుతుంది.

2023 ఆగస్టులో వచ్చిన సవరణ తర్వాత డ్యూటీ సిబ్బంది బ్యాలెట్‌ను ఇంటికి తీసుకెళ్లి తాపీగా పోస్టు చేసే పద్ధతి పోయింది. ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే తీసుకుని, అక్కడే గుర్తు పెట్టి, అక్కడే పెట్టెలో వేయాలి. ధ్రువీకరణ చేసే గెజిటెడ్ అధికారి అక్కడే ఉంటారు. సెంటర్ ఏ తేదీల్లో పనిచేస్తుందో శిక్షణలోనే రాసుకోండి. డ్యూటీ చివర్లో రద్దయినా, పీబీ గుర్తు పడిపోయి ఉంటే ఓటు ఆ సెంటర్‌లోనే వేయాలి. ‘డ్యూటీ పోయింది కదా, బూత్‌లో వేద్దాంలే’ అనుకుంటే రెండూ పోతాయి.

అత్యవసర సేవలు: రాష్ట్రాన్ని బట్టి మారేది ఇదే

ఎన్నికల డ్యూటీ లేకపోయినా, ఉద్యోగం వల్ల ఆ రోజు కదల్లేనివాళ్లు ఉంటారు. ఏయే శాఖల వాళ్లకు ఈ సౌకర్యం ఇవ్వాలో ఎన్నికల సంఘం రాష్ట్రానికి, ఎన్నికకు విడిగా ప్రకటిస్తుంది. 2020 ఢిల్లీ అసెంబ్లీ ఎన్నికల్లో ఢిల్లీ మెట్రో, ఉత్తర రైల్వే సిబ్బందికి ఇచ్చారు. అది చూసి ప్రతి నగరంలో మెట్రో సిబ్బందికీ ఉందనుకోకూడదు. విద్యుత్తు, వైద్యం, అగ్నిమాపక శాఖ, ఎన్నికల సంఘం పాసులున్న విలేకరుల వంటివాళ్లు ఈ జాబితాల్లో సాధారణంగా కనబడతారు. అయినా ఈసారి జాబితాలో మీ శాఖ పేరు ఉందో లేదో చూసుకోవాలి.

ఫారం ఇక్కడా 12డీనే, గడువూ అదే అయిదు రోజులు. అదనంగా మీ శాఖ నోడల్ అధికారి ధ్రువీకరణ కావాలి. ఆ రోజున నేను డ్యూటీలో ఉంటాను అని మీరు రాసుకుంటే చాలదు. షిఫ్టు చార్టు ముందుగా వేయించుకుని నోడల్ అధికారి దగ్గరికి వెళ్లండి. ఓటు ఇంటి దగ్గర కాదు, పోస్టల్ ఓటింగ్ సెంటర్‌లో వేయాలి. పోలింగుకు ముందు వరుసగా మూడు రోజులు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా అది తెరిచి ఉంటుంది.

సైన్యం, ముందస్తు నిర్బంధం

సైన్యంలోనూ కేంద్ర బలగాల్లోనూ ఉన్నవాళ్లు, రాష్ట్రం బయట పనిచేసే రాష్ట్ర సాయుధ పోలీసులు, విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల ఉద్యోగులు సర్వీస్ ఓటర్లు. వీళ్ల పేర్లు ఓటరు జాబితాలో చివరి భాగంలో విడిగా ఉంటాయి. సాయుధ బలగాల వాళ్లు ఫారం 2, రాష్ట్ర సాయుధ పోలీసులు 2ఏ, విదేశాల్లో ఉన్న ఉద్యోగులు 3 పెట్టి నమోదు కావాలి. కలిసి ఉంటున్న భార్యకు మాత్రమే ఉన్న అవకాశం 2021 సవరణతో భర్తకూ వచ్చింది.

2016 నుంచి వీళ్లకు బ్యాలెట్ ఆన్‌లైన్‌లోనే వెళుతోంది. ఓటీపీ, పిన్ కొట్టి డౌన్‌లోడ్ చేసి, ముద్రించి, గుర్తు పెట్టి, తిరిగి పోస్టులో పంపాలి. వెళ్లేటప్పుడు క్షణాల్లో వెళ్లినా వచ్చేటప్పుడు మాత్రం మామూలు టపాలోనే రావాలి. లెక్కింపు రోజు ఉదయం 8 గంటలలోపు చేరాలి, తర్వాత వచ్చిన కవరు తెరవరు. అందుకని ఫైలు వచ్చిన రోజే పని పూర్తి చేయాలి. కవరు మీద, ఫారం మీద ఉన్న క్యూఆర్ కోడ్ లెక్కింపులో స్కాన్ అవ్వాలి. ముద్రణ మసకగా ఉంటే, కోడ్ మీదుగా కాగితం మడత పడితే ఇబ్బంది. కోడ్‌ను తప్పించి మడవండి.

సైనికులకు ఇంకో వెసులుబాటు ఉంది. సొంత నియోజకవర్గంలో ఉండే ఒకరిని ఫారం 13ఎఫ్‌తో ప్రాక్సీగా పెట్టుకుంటే వాళ్లు బూత్‌కు వెళ్లి ఈయన ఓటు వేస్తారు. ప్రాక్సీకి సిరా గుర్తు ఎడమ చేతి మధ్యవేలికి పెడతారు, ఎందుకంటే తన ఓటు కూడా తాను వేసుకోవాలి కదా.

జైల్లో ఉన్నవాళ్లకు, విచారణ ఖైదీలతో సహా, ఓటు లేదు. పీడీ యాక్ట్ లాంటి ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు మాత్రం పోస్టల్ బ్యాలెట్ పొందవచ్చు. కుటుంబ సభ్యుల్లో చాలామందికి ఇది తెలియదు.

ఎవరికి లేదు

ఆంధ్రలోనో, పాలమూరులోనో ఓటు ఉండి హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు పోస్టల్ ఓటు లేదు. హాస్టళ్లలో చదువుకునే పిల్లలకూ లేదు. వలస ఓటర్ల కోసం రిమోట్ ఓటింగ్ మెషీన్ నమూనాను ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది, కానీ అది వాడుకలోకి రాలేదు. భారత పౌరసత్వం ఉంచుకుని విదేశాల్లో ఉంటున్నవాళ్లు ఫారం 6ఏతో నమోదు కావచ్చుగానీ, ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని బూత్‌కే రావాలి.

ఊరికి వెళ్లి వేస్తే పోలింగ్ రోజున జీతంతో సెలవు ఇవ్వాలని 135బీ సెక్షన్ చెబుతోంది. ఓటు బయటి ఊళ్లో ఉన్నా అది వర్తిస్తుంది. ఇక్కడే స్థిరపడ్డవాళ్లు ఫారం 8తో ఓటును ఇక్కడికి మార్చుకోవచ్చు. రెండు చోట్లా ఉంచుకోవడం నేరం.

అన్నదమ్ములు ఒక్కో ఊళ్లో ఉంటే తేదీలు కలవవు. 2024లో చెన్నైలో పోలింగ్ ఏప్రిల్ 19న, బెంగళూరులో 26న, హైదరాబాద్‌లో మే 13న, ముంబయిలో 20న. నోటిఫికేషన్లూ అలాగే వేర్వేరు రోజుల్లో వచ్చాయి. చెన్నైలో ఉన్న పెదనాన్నకు అయిదు రోజుల గడువు మార్చి నెలలోనే నడిచింది. తల్లిదండ్రులను కొన్నాళ్లు ఒకరి దగ్గర, కొన్నాళ్లు ఇంకొకరి దగ్గర ఉంచే ఇళ్లలో ఇది ముందే చూసుకోవాలి. పోలింగ్ బృందం వచ్చేది ఓటున్న నియోజకవర్గంలోని ఇంటికే.

కార్పొరేషన్, పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. పైన చెప్పిన ఫారాలు, గడువులు అక్కడ వర్తిస్తాయని అనుకోకండి, ఆ సంఘం అప్పుడిచ్చే నోటిఫికేషన్ చదవండి.

లెక్కింపు రోజు

ఉదయం 8కి మొదట పోస్టల్ బ్యాలెట్లు, అరగంట తర్వాత మెషీన్లు. పోస్టల్ లెక్కింపు పూర్తయితేనే మెషీన్ల చివరి రౌండుకు ముందు రౌండు మొదలుపెట్టాలని 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఆదేశించింది. గెలుపు తేడా కంటే చెల్లవని పక్కన పెట్టిన పోస్టల్ ఓట్లు ఎక్కువగా ఉంటే, ఫలితం ప్రకటించేముందు ఆ ఓట్లన్నీ రిటర్నింగ్ అధికారి మళ్లీ చూసి తీరాలి. అభ్యర్థి తరఫున లెక్కింపు బల్ల దగ్గర కూర్చునేవాళ్లు పక్కన పెట్టిన ప్రతి కవరుకూ కారణం అడిగి రాసుకోవాలి: డిక్లరేషన్ లేకనా, సంతకం లేకనా, సంఖ్య కలవకనా. ఆ పునఃపరిశీలన వచ్చినప్పుడు చేతిలో ఉండాల్సిన కాగితం అదే.